తనిఖీకి ముందు అరగంట

అప్పటికి సైన్యంలో నేను పద్నాలుగేళ్ళు ఫిట్టరుగా పనిచేసి ఉన్నాను. ఆ పద్నాలుగేళ్ళలో ఆకురాయితో రుద్ది రాల్చిన ఇనుప రజనంతా ఒకచోట పోసి ఉంటే తిరుపతి పక్కన ఎనిమిదో కొండ లేచి ఉండేది. ఏడు కొండలు ఎక్కడానికే జనం ఆయాసపడుతున్నారు కదా అని దాన్ని గాలికి వదిలేశాను. బిగించిన నట్లను వరసగా పేరిస్తే చిత్తూరులో బయలుదేరి, నగరిలో రైలెక్కి, మద్రాసులో దిగి, సముద్రం చూసుకుని వచ్చేవి. ఇంత చేసిన మనిషి దగ్గర ‘ఇతను ఫిట్టరు’ అని చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ లేదు. ఉన్నదల్లా సైన్యం వాళ్ళ పుస్తకంలో ఒక ముద్ర. అది గేటు లోపల పులి. గేటు దాటితే పిల్లి కూడా కాదు.

ఆ సంగతి నాకు తెలిసింది డెబ్భైల చివర్లో, సెలవు మీద వచ్చినప్పుడు, తిరుపతిలో ఒక బ్యాంకు గుమ్మం ముందు.

బజారులో నడిచిపోతున్నాను. గుమ్మం పక్కన స్టూలు మీద ఒక మనిషి, మోకాళ్ళ మీద జంట గొట్టాల తుపాకీ. ఖాకీ చొక్కా మీద ఎర్ర తాడు. ముందు ఆ కూర్చున్న తీరు చూసి గుర్తుపట్టాను, తర్వాత మొహం చూసి కాదనుకున్నాను, మళ్ళీ తీరు చూసి ఆగాను. కార్వేటినగరం మనిషి. మా వర్క్‌షాపులో నాకు పని నేర్పిన హవల్దారు. ఇంజను మీద స్క్రూడ్రైవరు కొస ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో, ఎందుకు ఏడుస్తోందో, ఎన్నాళ్ళకి చస్తుందో చెప్పేవాడు. డాక్టర్లు ఆయన దగ్గర గొట్టం పట్టుకోవడం నేర్చుకోవచ్చు.

"ఏంన్నా, ఈడ?" అన్నాను.

"ఈడనే అబ్బా. ఆరు నెల్లాయె."

"తుపాకీ ఏందిన్నా? సర్వీసులో కూడా నువ్వు దీన్ని పట్టుకునింది తక్కువే గదా."

ఆయన నవ్వలేదు. "తుపాకీ పట్టేదానికి మనకి కాగితముండాది. స్పానరు పట్టేదానికే ల్యా."

లేచి నిలబడే చెప్పాడు. సైన్యంలోంచి బయటికి రాగానే బస్సు డిపోకి పోయాడట. ఐటీఐ చేశావా అన్నారట. మిల్లుకి పోయాడట. అప్రెంటిస్ చేసిన సర్టిఫికెట్ ఉందా అన్నారట. "నలభై మూడేండ్లకి యాడ సేసేదప్పా అప్రెంటిసు? నా కింద అప్రెంటిసు సేసినోళ్ళే ముప్పై మంది ఉండారు" అన్నాడట. వాళ్ళు ఆ ముప్పై మంది కాగితాలు తెమ్మనలేదు, ఆయన కాగితం తెమ్మన్నారు.

"నీకింకెంత ఉండాది?" అని అడిగాడు.

"ఏడాదిన్నరన్నా."

"అయితే ఇను. సర్వీసులో ఉండేవోళ్ళకి ఒక దావ ఉండాది. నువ్వు సేసే పనంతా ఒక బుక్కులో రాసి ఆఫీసరు కాడ సంతకం పెట్టిచ్చుకుంటే, ఆ ఏండ్లు అప్రెంటిసు కిందికి లెక్కేస్తారు. మళ్ళ బయట పరీచ్చకి కూసోవచ్చు. పాసైతే గవుర్మెంటు సర్టిఫికెట్టు, ఐటీఐ పిల్లోళ్ళకిచ్చేదే. కాకపోతే పరీచ్చ దినానికి నువ్వు సర్వీసులో ఉండాల. ఒక్కదినం దాటినా ల్యా. నాకు ఎవురూ సెప్పలా."

లోపలి నుంచి మేనేజరు చూశాడు. ఆయన సర్దుకుని వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. నేను నమస్కారం పెట్టి కదిలాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ కుడిచేతి వేళ్ళు తుపాకీ గొట్టం మీద మెల్లగా తిరుగుతున్నాయి, కనబడని నట్టు బిగువు చూస్తున్నట్టు.

ఆ పూట నుంచి నాకు ఒకటే భయం. యుద్ధాలంటే, శత్రువులంటే, మా వంటవాడి పప్పంటే కూడా లేని భయం. ఆ స్టూలు.

పటాలానికి తిరిగి వెళ్ళగానే దరఖాస్తు పెట్టాను. రెండు లావుపాటి నోటు పుస్తకాలు కొని, చేసిన ప్రతి పనీ రాయడం మొదలుపెట్టాను. వారానికోసారి మా ఆఫీసరు దాని మీద సంతకం పెట్టాలి. ఆయన పంజాబు వైపు మనిషి. మొదటి వారమే నన్ను పిలిచి ఆయన భాషలో ఒక మాట అన్నాడు. తెలుగులో దాని సారాంశం: నువ్వు బిగించింది ఒక నట్టు, రాసింది సుందరకాండ. ఎర్ర సిరాతో ముప్పావు కొట్టేసి, మిగిలిన పావు మీద సంతకం పెట్టాడు. అలా ఏడాదిపాటు ఆయన కొట్టేస్తూ, నేను రాస్తూ గడిపాం. చివరికి మిగిలింది నిజంగా చేసిన పని. చదువుకుంటే నాకే ఆశ్చర్యం వేసింది. కొట్టేసిన తర్వాత కూడా అది తక్కువేమీ కాదు.

పరీక్ష కేంద్రం తిరుపతి కోరుకున్నాను. రెండు నెలల సెలవు మీద చిత్తూరు వచ్చాను. అక్కడ ఒక అద్దె వాటాలో నా భార్య, ఇద్దరు పిల్లలూ ఉండేవారు. ఆమె మా అక్క కూతురే, అందుకని పెళ్ళయినా నన్ను మామా అనే పిలిచేది. పెళ్ళై తొమ్మిదేళ్ళు. ఏడాదికి రెండు నెలల సెలవు చొప్పున మేమిద్దరం ఒక కప్పు కింద బతికింది ఏడాదిన్నర. పెద్దపిల్ల నన్ను చూసి మొదటి వారం మీరు అనేది, రెండో వారం నుంచి నువ్వు అనేది. నువ్వుకి అలవాటు పడేసరికి నాకు రైలు టైమయ్యేది.

ఆ ఏడాదిలో సర్వీసు అయిపోతుందని ఆమె రోజులు లెక్కపెట్టుకునే క్యాలెండరుకి గోడ మీద మేకు కూడా కొత్తది కొట్టించింది.

లెక్కల పరీక్షకి, డ్రాయింగుకి పుస్తకాలు చదువుకోవచ్చు. చేతిపనికి గురువు కావాలి. వేలూరు రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డులో పెద్దాయన ఒకరు ఉండేవారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చెరుకు గానుగల పళ్ళచక్రాలూ బేరింగులూ ఆయన దగ్గరికే వచ్చేవి. చిత్తూరు బెల్లం తిన్న ప్రతివాడూ తెలియకుండా ఆయన పనితనం కొంచెం నాకినట్టే. అందరూ బాయ్ అనేవారు. నేను పోయి సంగతి చెప్పాను. మాటల్లో మా వర్క్‌షాపు గురించీ నా గురించీ కూడా కొంచెం చెప్పాను. కొంచెం అంటే, మధ్యాహ్నం నమాజుకి లేచే దాకా.

బాయ్ అంతా విని, "మిలిట్రీ, నీ నోరు మూడో గేర్లో ఉండాది. చెయ్యి ఏ గేర్లో ఉండాదో సూద్దాం" అని ఒక ఇనుప పలక వైసు దవడల మధ్య బిగించి ఇచ్చాడు.

పలకలో చదరపు కిటికీ కొయ్యాలి. ఇంకో ముక్కని చదరంగా చేసి అందులో దూర్చాలి. ఇటు తిప్పి పెట్టినా, అటు తిప్పి పెట్టినా, నాలుగు వైపులా ఒకేలా కూర్చోవాలి. దానికి ఆకురాయి తప్ప ఇంకేదీ వాడకూడదు. వినడానికి పిల్లల ఆట. చెయ్యడానికి కూర్చుంటే ఇనుముకి ఉన్నంత పొగరు మా మేనమామల్లో కూడా చూడలేదు.

ఆ షెడ్డు రేకులో రూపాయి బిళ్ళంత బొక్క ఉండేది. వాన వస్తే కింద గిన్నె పెట్టేవాడు కానీ పూడ్చేవాడు కాదు. పదకొండు గంటలకి ఎండ దాంట్లోంచి కడ్డీలా దిగేది. పలకలో దూర్చిన నా ముక్కని ఆ కడ్డీకి అడ్డం పెట్టి, సందులోంచి వెలుతురు వస్తోందేమో అని ఒక కన్ను మూసి చూసేవాడు.

"వెలుతురు వస్తాండాది బేటా."

మళ్ళీ మొదటి నుంచి. మొదటి ముక్కలో వచ్చిన వెలుతురులో పెళ్ళి చూపులు పెట్టుకోవచ్చు. పదో ముక్కకి దారం. ఇరవయ్యో ముక్కకి వెంట్రుక. సెలవులో ఆరో వారం, ఒకరోజు బాయ్ ముక్కని నాలుగు సార్లు తిప్పి చూసి, తన టీలో సగం నా గ్లాసులో పోశాడు. నాకు అదే పట్టాభిషేకం.

ఆ షెడ్డులో ఎమరీ కాగితం ఒక్క ముక్క లేదు. ఇనుము మీద రుద్ది మెరుగు పెట్టే ఆ గరుకు కాగితం ఆయనకి అవసరమే లేదు. అందుకని ఆ మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు.

తిరుపతిలో పరీక్ష. రాత పరీక్షలు బాగా రాశాను. చేతిపని రోజు పొద్దున ఎనిమిదింటికి బెంచీలు, వైసులు, ఇరవై మంది. నేను తప్ప అందరూ మీసాలు ఇంకా పూర్తిగా మొలవనివాళ్ళు. అదే చదరం, అదే కిటికీ. రోజంతా ఇంకేమీ చూడలేదు, వినలేదు. హాలు కిటికీలోంచి తిరుమల కొండ కనబడుతోందని వాళ్ళలో ఎవరో అంటే దణ్ణం పెట్టే తీరిక కూడా లేకపోయింది. మూడున్నరకి ముక్క దించి, కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. నాలుగు వైపులా తిప్పాను. చీకటి. చక్కటి, గట్టి, బాయ్ మెచ్చుకునే చీకటి.

పరీక్షాధికారి నాలుగింటికి వస్తాడన్నారు. ఇంకా అరగంట ఉంది.

ఇక్కడ సైన్యం గురించి ఒక మాట చెప్పాలి. సైన్యంలో పని అయిపోవడం వేరు, తనిఖీకి సిద్ధం కావడం వేరు. పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే దారి పక్క రాళ్ళకి సున్నం, చెట్ల మొదళ్ళకి ఎర్రటి గేరు రంగు, లారీ టైర్లకి బూటు పాలిష్. మా దగ్గర ఇంజను లేని లారీ ఒకటి మూడు తనిఖీలు పాసైంది, నాలుగో తనిఖీలో దానికి మెచ్చుకోలు కూడా వచ్చింది. తనిఖీకి ముందు అరగంట దొరికిందంటే ఆ అరగంటలో కనబడిన ప్రతిదీ మెరవాలి. పద్నాలుగేళ్ళు ఇదే. మనసుకి చెప్పనక్కర్లేదు, చేతులే లేచి పోతాయి.

నా చేతులు లేచి పోయాయి. సంచీలో ఎమరీ కాగితం ఉంది, ఇత్తడి గుండీలకి వాడే మందు ఉంది, మెత్తటి గుడ్డ ఉంది. అవి లేకుండా సైనికుడు పెళ్ళికి కూడా పోడు. రెండు ముక్కలూ విడదీసి, అంచులూ మూలలూ వదలకుండా అరగంట రుద్దాను. ఆకురాయి గీతలన్నీ పోయాయి. ఇనుము వెండైంది. అందులో నా మీసం చూసుకుని సర్దుకున్నాను. తర్వాత బెంచీ మీద తువ్వాలు పరిచి, ఆకురాళ్ళు పొడుగు వారీగా పేర్చి, మూలమట్టం కుడివైపు, సుత్తి ఎడమవైపు పెట్టి, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాను. చుట్టూ ఉన్న పిల్లల ముక్కలు మసిబట్టి ఉన్నాయి. వాళ్ళ మీద జాలి కూడా వేసింది.

పరీక్షాధికారి సన్నటి మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు. నా ముక్క చేతిలోకి తీసుకుని ముందు దాన్ని కాదు, నన్ను చూశాడు. తర్వాత కిటికీకి అడ్డం పెట్టాడు.

నాలుగు మూలలా నాలుగు చుక్కలు వెలిగాయి.

"ఎవురు సెప్పినారప్పా నీకు ఎమరీ పట్టమని?"

"ఎవురూ సెప్పలా సార్. అలవాటు."

"మూలలు చూడు, గుండ్రంగా పోయినాయి. రుద్దుడుకి ఇనుము నిలుస్తాదా?"

"అరగంట ముందు వెలుతురు రాలేదు సార్. వెంకటేశ్వర స్వామి మీద ఒట్టు."

"అరగంట ముందు నేను రాలేదే." ముక్కని వెనక్కి తిప్పాడు. "ఆకురాయి గీతలు యాడ?"

"తుడిచేసినాను సార్."

"ఆ గీతలు జూసే గదా, నువ్వు సేసినావా ఇంకోడు సేసినాడా, సేయి యెట్లా ఆడిందని నేను జూసేది? అంతా తుడిసిపెడితే నేను దేనికి మార్కులెయ్యాల?" కొంచెం ఆగాడు. "మిలిట్రీయా?"

"అవును సార్."

ఆయన చాలాసేపు ముక్కని పట్టుకునే నిలబడ్డాడు. ఆయనకి మనసు లేదని నేను అనలేను. ఆ నిలబడటంలో నాకు కొంచెం ఆశ కూడా పుట్టింది. తర్వాత ముక్కని తువ్వాలు మీద, మూలమట్టం పక్కన, వరస చెడకుండా పెట్టాడు.

"చేతిపని ఒకటే మళ్ళా చెయ్యి. ఆరు నెల్లకి పరీచ్చ ఉంటాది. రా."

నాకు సర్వీసు ఐదు నెలలే మిగిలి ఉంది.

బయటికి వచ్చి ఎటు నడిచానో తెలియదు. అలిపిరి దగ్గర తేలాను. గుండ్లు గీయించుకున్నవాళ్ళు దిగుతున్నారు, జుట్టున్నవాళ్ళు ఎక్కుతున్నారు. నేను ఎక్కలేదు. మొదటి మెట్టు పక్కన కూర్చుని చేతులు చూసుకున్నాను. మామూలుగా పనిచేసిన రోజు నా చేతులు నల్లగా ఉంటాయి. ఆ రోజు తెల్లగా ఉన్నాయి. బస్‌స్టాండుకి పోవాలంటే బ్యాంకు వీధి దగ్గర దారి. చుట్టు తిరిగి వెళ్ళాను.

ఇంటికి చేరగానే నా భార్యకి ఒక కథ చెప్పాను. పరీక్షాధికారికి సైనికులంటే పడదు, నా ముక్క చూసి అతనికి కళ్ళు చెదిరాయి, ఇంత బాగా చేసినవాడికి పాసిస్తే మిగతా అందరినీ ఫెయిల్ చెయ్యాల్సి వస్తుంది కాబట్టి... ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపకుండా విన్నది.

"మామా," అంది. "ఏమయిందో సెప్పు."

చెప్పాను. ఎమరీ కాగితం దాకా వచ్చేసరికి ఆమె చేట కింద పెట్టింది. నేను అరగంట కూర్చుని రుద్దిన సంగతి విని ఒక్క క్షణం నవ్వు వచ్చింది ఆమెకి. నాకూ వచ్చింది. తర్వాత ఇద్దరికీ పోయింది.

"ఇప్పుడేం దావ?"

"రెండే ఉండాయి. ఐదు నెల్లకి బయటికొచ్చేసేది. ల్యాకపోతే ఇంకో రెండేండ్లు సర్వీసు పొడిగించమని రాసిచ్చేది. రెండేండ్లకి తక్కువ ఇయ్యరు. ఇస్తే కొండల మీదికి పంపిస్తారు. ఆడ సెలవు కూడా అడిగినప్పుడు దొరకదు."

ఆమె గోడ మీద క్యాలెండరు వైపు కూడా చూడలేదు. చిన్నవాడు వచ్చి ఒళ్ళో కూర్చుంటే వాడి చొక్కా గుండీలు విప్పి, మళ్ళీ పెట్టి, మళ్ళీ విప్పింది.

"వొచ్చేయమంటే వొచ్చేస్తా," అన్నాను. "ఏదో ఒక పని దొరకదా?"

"ఆ బ్యాంకు కాడ ఆయన్ని నేను గూడా సూసినాను మామా. పోయిన నెల తిరుపతికి పోయినప్పుడు. మన పెండ్లికి వొచ్చినాడు గదా, అన్నా అని పలకరిద్దామని పోయినా. తలుపు తీసి పట్టుకుని, రాండమ్మా అని, మొగం అటు తిప్పుకున్నాడు. నన్ను గుర్తుపట్టినాడు. పట్టినాడు కాబట్టే తిప్పుకున్నాడు."

చిన్నవాడి ఆఖరి గుండీ పెట్టి, వాణ్ణి ఒళ్ళోంచి దించింది.

"రెండేండ్లు నేను తోసేస్తా," అంది. "ఇన్నేండ్లు తొయ్యలేదా? ఆ మొగం పెట్టుకుని నువ్వు ఈ ఇంట్లో తిరిగితే, ఇరవై ఏండ్లు తొయ్యడం నా వల్ల కాదు. రాసిచ్చేయి."

బియ్యంలో రాళ్ళు ఏరడం మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పూట అన్నంలో రాయి తగిలింది. తీసి పళ్ళెం అంచున పెట్టాను.

రాసిచ్చాను. కొండల మీదికి పంపారు. అక్కడ చలి ఎంతంటే మాట నోట్లోంచి బయటికి రాగానే గడ్డకట్టి కింద పడేది, పొయ్యి దగ్గర కరిగించుకుంటే కానీ పక్కవాడికి వినబడేది కాదు. ఇనుము పట్టుకుంటే చర్మం దానికే అంటుకుని వచ్చేది. ఆరు నెలలకి పరీక్ష వచ్చింది, వెళ్ళిపోయింది. దారి మంచుతో మూసుకుపోయి ఉంది. ఆ రోజు నేను వైసు ముందు నిలబడి ఊరికే ఒక ముక్క చేశాను.

అక్కడా తనిఖీలు ఆగలేదు. పగలు అన్నిటికీ మెరుగు పెట్టేవాణ్ణి, అది నా ఉద్యోగం. తీరిక దొరికినప్పుడు ఒక చదరం చేసి, మెరుగు పెట్టకుండా పక్కన పెట్టేవాణ్ణి, అది నా చదువు. రెండూ ఒకే చేతులతో చెయ్యాలి. దురద పుట్టేది. మసితో, గీతలతో ఉన్న ముక్కని అలా వదిలిపెట్టి భోజనానికి పోవడం ఎంత కష్టమో సైనికుడికే తెలుస్తుంది.

పొడిగింపులో ఏడాది గడిచాక సెలవు, పరీక్ష కలిసివచ్చాయి. చిత్తూరు రాగానే బాయ్ షెడ్డుకి పోయాను. వైసుకి ముందు కాకుండా గుమ్మం దగ్గర నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని, "రా మిలిట్రీ" అన్నాడు. కళ్ళలో పాలు పోసినట్టు తెల్లటి పొర. కొడుకు మద్రాసు తీసుకుపోయి ఆపరేషన్ చేయిస్తానంటున్నాడని, చెరుకు గానుగల కాలం అయ్యాక పోతానని చెప్పాడు.

నాలుగు వారాలు అక్కడే పనిచేశాను. చివరి రోజు చేసిన ముక్క పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. అంచుల మీద బొటనవేలు నడిపించాడు. నాలుగు సార్లు తిప్పి దూర్చాడు. తర్వాత నాకు తిరిగి ఇచ్చాడు.

"మూడు తట్లా బాగుండాది. నాలుగో తట్టు ఏలికి తెలీడంల్యా. నువ్వే సూసి సెప్పు బేటా. వెలుతురు వస్తాండాదా?"

రేకు బొక్కలోంచి ఎండ దిగి ఉంది. అందులో పెట్టి చూశాను. నాలుగో తట్టు, ఒక మూల, సన్నగా వెలుతురు ఉంది. ఆయనకి కనబడదు. ఆ నాలుగు వారాలూ రోజుకి పది గంటలు నన్ను కూర్చోబెట్టుకున్న మనిషికి, నీ శిష్యుడి పనిలో లోపం లేదు అని ఒక్క మాట చెప్తే ఎంత సంతోషపడతాడో నాకు తెలుసు. నా నోటికి అది ఎంత తేలికో కూడా తెలుసు.

"వస్తాండాది బాయ్. ఒక మూల. వెంట్రుకంత."

"తల వెంట్రుకా, చేతి వెంట్రుకా?"

మళ్ళీ చూశాను. "చేతిది."

"ఊఁ" అన్నాడు. అంతే. కొడుకుని పిలిచి రెండు టీలు చెప్పమన్నాడు.

రెండోసారి పరీక్షలో మూడూ ఇరవైకి ముక్క తయారైంది. పరీక్షాధికారి రావడానికి ఇంకా నలభై నిమిషాలు. ఎమరీ కాగితం తేలేదు, మందు తేలేదు, గుడ్డ తేలేదు. నా సంచీని ఇంట్లోనే నా భార్య సోదా చేసి పంపింది. అయినా చేతులు కదిలాయి. ముందు చొక్కా అంచు అందుకున్నాయి. తర్వాత పక్క బెంచీ మీద నూనె గుడ్డ ఉందని కనిపెట్టాయి. ఆ ముక్క చూస్తే నాకే ఎబ్బెట్టుగా ఉంది. మసి, నూనె, అడ్డంగా నిలువుగా గీతలు. అలాంటిదాన్ని పై అధికారికి చూపించడమంటే పంట్లాం లేకుండా కవాతుకి పోవడమే. చివరికి ముక్కని బెంచీ మధ్యలో పెట్టి, మూడడుగులు వెనక్కి వేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. సైన్యం నాకు నేర్పిన నిలబడటమే అది. నలభై నిమిషాలు కదల్లేదు. మెడ మీద ఈగ వాలితే దాన్ని కూడా వాలనిచ్చాను.

అదే పరీక్షాధికారి వచ్చాడు. గుర్తుపట్టాడో లేదో తెలియదు. గీతల వైపు చూశాడు. కిటికీ దగ్గరికి పోయి నాలుగు సార్లు తిప్పి చూశాడు, ఆఖరుసారి కొంచెం ఎక్కువసేపు. ముక్కని బెంచీ మీద పెట్టి, సుత్తి అడిగి తీసుకుని, ముక్క మూల మీద నా పరీక్ష నంబరు అచ్చులు కొట్టాడు. నాలుగు అంకెలు, నాలుగు దెబ్బలు, కిందటిసారి నా ముక్కకి పడనివి. పక్క బెంచీకి పోయాడు.

ఆ రోజు చేతులు కడుక్కోకుండా బ్యాంకు వీధిలోనే నడిచాను. మా హవల్దారు స్టూలు మీద ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. పరీక్ష ఎట్లా అయిందని అడగలేదు. నా కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి పైకి తిప్పి, గీతల్లో ఇరుక్కున్న ఇనుప రజను చూశాడు. బొటనవేలితో ఒకసారి రుద్దాడు. పోలేదు.

"సబ్బుకి పోదబ్బా ఇది," అన్నాడు. "కిరసనాయిలు పెట్టు."

లోపలి నుంచి ఎవరో వస్తుంటే తలుపు తెరవడానికి వెళ్ళాడు.

ఫలితం వచ్చేసరికి నేను మళ్ళీ కొండల మీద ఉన్నాను. ఆ కాగితం పట్టుకుని తర్వాత ఒక చక్కెర మిల్లులో ఫిట్టరుగా చేరి చాలా ఏళ్ళు పనిచేశాను కానీ, అప్పటికి దాన్ని నేను చూడలేదు. అది చిత్తూరు చిరునామాకి వచ్చింది. సంగతి నాకు తెలిసింది నా భార్య ఉత్తరంలో. పెద్దపిల్ల చేత రాయించింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాసింది పిల్ల.

‘కాగితం వచ్చినాది మామా. ఇంగిలీసులో ఉండాది. నీ పేరు సరిగానే రాసినారని ఎదురింటి టీచరమ్మ చెప్పినాది. నీళ్ళు తగలకుండా పెట్టిలో పట్టుచీర కింద పెట్టినాను. చిన్నోడికి జరం వచ్చి తగ్గినాది. బాయ్ కండ్లకి ఆపరేషన్ అయినాదంట. నువ్వు ఎప్పుడు వస్తావు?’

అట్టడుగున, పిల్ల సొంతంగా ఒక వాక్యం రాసింది: ‘నాయనా మీరు ఎప్పుడు వస్తారు?’ మళ్ళీ ‘మీరు’ దగ్గరికే తిరిగి వచ్చింది.

పొయ్యి దగ్గర కూర్చుని జవాబు మొదలుపెట్టాను. ఇదిగో వచ్చేస్తున్నాను అని రాసి, కొట్టేశాను. త్వరలోనే అని రాసి, అదీ కొట్టేశాను. తర్వాత వర్క్‌షాపుకి పోయి గోడ మీద ఉన్న, సర్వీసు ముగిసే తేదీల పట్టీ చూసి, వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టుకుని వచ్చి రాశాను.

‘ఇంకా రెండు వందల పన్నెండు రోజులు ఉన్నాయి.’